ఆరు నుంచి తొమ్మిది: శ్రీశైలం గేట్లు చూడబోయే వాళ్లకు ఒక బస్సు డ్రైవర్ బహిరంగ లేఖ

శ్రీశైలం డ్యామ్ గేట్లు ఎత్తారని తెలియగానే హైదరాబాదు నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్లలో, టెంపోల్లో, బైకుల మీద బయలుదేరే అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం. నేను అచ్చంపేట దగ్గరి వాడిని. ఇరవై ఎనిమిదేళ్లు బస్సు నడిపి రిటైర్ అయ్యాను. అందులో పద్నాలుగేళ్లు శ్రీశైలం రూటే. మన్ననూరు దాటాక ఏ కల్వర్టు దగ్గర రోడ్డు కుంగి ఉందో, ఏ మలుపులో వానకు మట్టి కొట్టుకొచ్చి టైరు జారుతుందో నా చేతులకు ఇప్పటికీ గుర్తుంది.

మీకు చెప్పాలనుకున్నది ఒక్కటే మాట. గేట్లు చూడండి, తనివితీరా చూడండి. కానీ సాయంత్రం ఆరు నుంచి రాత్రి తొమ్మిది, పది దాకా ఆ అడవిలో మీ బండి ఉండకుండా చూసుకోండి. ఎందుకో చెప్పడానికి కాస్త ఎక్కువే రాయాల్సి వస్తుంది. ఓపికగా చదవండి.

రావద్దని చెప్పడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ నీళ్లు చూడని వాళ్లు చూడాల్సిందే. ఈగలపెంట దాటి ఘాట్ దిగుతుంటే ముందు చప్పుడు వినపడుతుంది. బస్సు ఇంజిన్ మోతలో కూడా వినపడుతుంది. ఆ తర్వాత అద్దం మీద సన్నగా తుంపర పడుతుంది. వాన అనుకొని వైపర్ వేస్తాం. పైకి చూస్తే మబ్బు ఉండదు. అది కృష్ణమ్మ. ఇంకో మలుపు తిరిగేసరికి లోయంతా తెల్లగా పొగలాగా నిండి ఉంటుంది. అప్పటిదాకా నిద్రపోతున్న వాళ్లు కూడా లేచి బస్సులో ఒక పక్కకే వచ్చేస్తారు. కూర్చోండమ్మా, కూర్చోండి అని కండక్టర్ అరుస్తూనే తనూ అటే చూస్తుంటాడు. పద్నాలుగేళ్లు చూశాను, నాకు ఒక్కసారి కూడా పాతబడలేదు.

ఆ నీళ్లు ఎంత దూరం నుంచి వస్తాయో తెలుసా? మహాబలేశ్వరం కొండల్లో పడ్డ వాన ఆలమట్టి, నారాయణపూర్, జూరాల దాటి వస్తుంది. అటు నుంచి తుంగభద్ర సుంకేసుల మీదుగా వచ్చి కలుస్తుంది. రిజర్వాయర్ నిండు మట్టం 885 అడుగులకు చేరువైతే ఉన్న 12 గేట్లలో అవసరమైనన్ని ఎత్తుతారు. 1963 జూలైలో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు అది. మొదట 308 టీఎంసీలు పట్టేలా కట్టారు. పూడిక చేరి చేరి ఇప్పుడు 215 టీఎంసీల చిల్లర లెక్కే చెప్తున్నారు. 2009 అక్టోబర్ మొదట్లో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినప్పుడు మేమంతా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పైన కర్నూలు మునిగింది. డ్యామ్ మాత్రం నిలబడింది. ఆ గేట్ల ముందు నిలబడినప్పుడు ఆ రోజులు కూడా ఒకసారి తలుచుకోండి.

ఇంకో సంగతి. ఒకసారి కొల్లాపూర్ వైపు నుంచి వచ్చిన పెద్దమ్మ నా వెనక సీట్లో కూర్చుంది. సున్నిపెంట ఘాట్ ఎక్కుతుంటే అందరూ కింద గేట్ల వైపు ఫోన్లు తిప్పారు. ఆమె మాత్రం డ్యామ్ వెనక ఉన్న నీళ్ల వైపు చూస్తోంది. "మా ఊరు ఆ నీళ్ల కింద ఉంది బిడ్డా" అంది. ఈ రిజర్వాయర్ కోసం ఖాళీ చేసిన ఊళ్లు నదికి అటూ ఇటూ కలిపి సుమారు వంద. 1981లో ఇళ్లు కూల్చేస్తే వెళ్లిపోవాల్సి వచ్చిన వాళ్లూ ఉన్నారు. ఆమె ఇంకేం మాట్లాడలేదు, నేనూ అడగలేకపోయాను. దిగేటప్పుడు మాత్రం నీళ్లకు దండం పెట్టుకొని దిగింది.

ఇక అడవి విషయానికి వస్తాను. 1978లో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం అయింది, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. రాష్ట్రాలు విడిపోయాక ఇవతలి భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. అవతలి ఆంధ్ర భాగానికి పాత పేరే ఉండిపోయింది. హైదరాబాదు నుంచి వెళ్లే మనం అమ్రాబాద్ అడవి నడిమధ్యలోంచి పోతాం. కృష్ణ దాటితే అవతలి అడవిలో ఉంటాం. అటు దోర్నాల నుంచి వచ్చే వాళ్లకూ ఇదే కథ. రెండు వైపులా రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు పోనివ్వరు. మన వైపు అయితే మన్ననూరులో, దోమలపెంటలో చెక్‌పోస్టు గేటు వేస్తారు.

మీలో చాలామందికి తెలియనిది ఒకటుంది. వానాకాలం మూడు నెలలు పులుల అడవుల్లో సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలం, పిల్లలు పెట్టే కాలం అని ఆపుతారు. సరిగ్గా ఆ నెలల్లోనే మన గేట్లు లేస్తాయి. అంటే లోపలి మట్టిదారిలో ఒక్క జీపు కూడా తిరగొద్దని ఆపిన రోజుల్లోనే నడుమ ఉన్న తారు రోడ్డు మీద మన బండ్లు వేలల్లో పోతున్నాయి. ఇది ఎవరో చేసిన తప్పు అనను. వరద ఎప్పుడొస్తే గేట్లు అప్పుడే లేస్తాయి. కానీ తెలిసి ఉండటం మంచిది కదా.

తొమ్మిదికి చెక్‌పోస్టు గేటు మూస్తారు కాబట్టి తొమ్మిది దాకా పర్వాలేదని మనం అనుకుంటాం. ఆగస్టులో పొద్దు ఆరున్నర దాటాక గుంకుతుంది. అడవిలో చెట్ల నీడకు ఆరింటికే మసక పడుతుంది. దుప్పులు లోపలి నుంచి రోడ్డు పక్కకు వచ్చేది అప్పుడే. రోడ్డుకు అటూ ఇటూ పొదలు కొట్టి శుభ్రం చేసిన చోట వానకు లేతగడ్డి మొలుస్తుంది. దానికోసం వస్తాయి. తారు పగటి ఎండకు కాగి రాత్రి వెచ్చగా ఉంటుంది. దానిమీద పాములు వచ్చి పడుకుంటాయి. అడవిపందులు పిల్లల్ని వెంటేసుకొని దాటుతాయి. ఎలుగుబంటి కూడా నాకు ఎక్కువసార్లు కనపడింది ఆ వేళలోనే. తొమ్మిది అనేది మన ప్రయాణాలు చూసుకొని మనుషులు పెట్టుకున్న టైము. వాటి పొద్దు ఆరింటికే మొదలవుతుంది.

మీ రోజు ఎలా గడుస్తుందో నాకు తెలుసు. అయిదుకు బయలుదేరాలని రాత్రి అనుకుంటారు. పిల్లలు లేచి, తయారై, బండి ఎక్కేసరికి ఏడున్నర. కడ్తాల్ దగ్గరో కల్వకుర్తి దగ్గరో టిఫిన్. డిండి దగ్గర ఆగి ఫొటోలు. మన్ననూరు దాటాక కోతులు కనిపిస్తే పిల్లలు ఆపమంటారు. ఒంటిగంటకు ఘాట్ దిగుతుంటే ముందు బండి ఆగిపోతుంది. దాని ముందు ఇంకోటి. కనుచూపు మేర కార్లే. డ్యామ్ కింద కృష్ణ మీది బ్రిడ్జి దాకా రావడానికి రెండు గంటలు. గేట్లు చూస్తారు. ఇంతదూరం వచ్చి మల్లన్న దర్శనం చేసుకోకుండా ఎట్లా అని అమ్మ అంటుంది. ఆమె అన్నది న్యాయమే. కొండెక్కి, క్యూలో నిలబడి, బయటికి వచ్చేసరికి ఆరు. అప్పుడు ఎవరో అంటారు, తొమ్మిదికి గేటు మూస్తారంట. టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

కిందికి దిగితే లింగాలగట్టు దగ్గర మళ్లీ అదే జామ్. తిరుగులో తిందామనుకున్న వేయించిన చేప కూడా వద్దు, పద పద అంటారు. జామ్ విడగానే ఘాట్‌లో ఓవర్‌టేకులు. ఎదుటి బండి లైటు కళ్లలో కొడుతుంటే గుడ్డిగా మలుపులు తిరగడం. ఎనిమిది యాభైకి దోమలపెంట చెక్‌పోస్టు దాటి హమ్మయ్య అనుకుంటారు. కానీ మన్ననూరు దాకా ఇంకా సుమారు 60 కిలోమీటర్ల అడవి ముందుంది. మర్నాడు సోమవారం, పిల్లలకు స్కూలు, మీకు ఆఫీసు. కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీద పడుతుంది.

లెక్క వేసి చూడండి. ఆ 60 కిలోమీటర్లు నలభైలో పోతే గంటన్నర. ఎనభైలో పోతే ముప్పావుగంట. మీకు మిగిలేది ముప్పావుగంట. అంతే.

గేటు టైముకు అందరూ ఒకేసారి చేరతారు కాబట్టి బండ్లు గుంపుగా, ఒకదాని వెనక ఒకటి పోతాయి. లైట్ల వరస తెగదు. మామూలు రోజుల్లో ఒక బండికీ ఇంకో బండికీ మధ్య దుప్పికి దాటే సందు ఉంటుంది. గేట్లు ఎత్తిన ఆదివారం ఉండదు. రోడ్డు పక్కన మంద నిలబడే ఉంటుంది. ఎంతసేపని నిలబడుతుంది? చివరికి ఏదో ఒకటి దూకుతుంది. లైటు కళ్లలో పడితే రోడ్డు మధ్యలోనే ఆగిపోతుంది కూడా.

ఇదంతా మీకు చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో దాచుకోకుండా చెప్తాను.

పదేళ్ల పైమాట. ఆగస్టు, ఆదివారం. బ్రిడ్జి దగ్గర జామ్‌లో నా బస్సు రెండు గంటలకు పైగా ఇరుక్కుంది. వెలుగు ఉండగా దాటాల్సిన అడవిలోకి చీకటి పడ్డాక వచ్చాను. ఒకాయన సికింద్రాబాద్‌లో రైలు పట్టుకోవాలని గంట నుంచి నా భుజం దగ్గరే నిలబడి ఉన్నాడు. వెనక నుంచి నలుగురైదుగురు తొందరపెడుతున్నారు. తొక్కాను.

వటవర్లపల్లి దాటి కొంతదూరం వచ్చాక ఎడమ పక్క నుంచి ఒక దుప్పి దూకి రోడ్డు దాటింది. లైట్లలో దాని ఒంటి మీద చుక్కలు కూడా కనపడ్డాయి. ఒకటి దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుందని నాకు తెలుసు. రూటుకు కొత్తగా వచ్చే డ్రైవర్లకు ఆ మాట చెప్పేది నేనే. తెలిసి కూడా కాలు తీయలేదు. రెండోది వచ్చింది.

పెద్ద చప్పుడేం కాలేదు. బంపర్ దగ్గర ఒక్క దెబ్బ, అంతే. ఆపి దిగాను. ఆడ దుప్పి. రోడ్డు అంచున పక్కకు ఒరిగి పడి ఉంది. ముక్కు దగ్గర కొంచెం రక్తం. పొట్ట వేగంగా ఎగిసిపడుతోంది. బస్సు ఇండికేటర్ వెలిగినప్పుడల్లా దాని కన్ను నారింజ రంగులో మెరుస్తోంది, ఆరినప్పుడల్లా నల్లబడుతోంది. కండక్టర్ సీసా తెచ్చి నోటి దగ్గర నీళ్లు పోశాడు. తాగలేదు. నాలుగైదు నిమిషాలకు పొట్ట ఆగిపోయింది. ఇండికేటర్ మాత్రం ఆ కంట్లో వెలుగుతూ ఆరుతూనే ఉంది. నేనే వెళ్లి దాన్ని ఆపేశాను.

బస్సు ఆగిన చప్పుడు విని కాబోలు, అడవి క్యాంపులో పనిచేసే చెంచు వాచర్ ఒకతను టార్చి పట్టుకొని వచ్చాడు. నాకంటే పదేళ్లు చిన్నవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. దుప్పి పక్కన గొంతుకూర్చొని పొదుగు మీద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. పాలచుక్క వచ్చింది. "పిల్ల ఉంటదన్నా, ఈడనే ఎక్కడో పండుకొని ఉంటది" అన్నాడు. టార్చి ఆర్పి, ఇంజిన్ ఆపమన్నాడు. ఆపాను. నలభై మంది ఉన్న బస్సు. రైలు పట్టుకోవాల్సిన ఆయనతో సహా ఒక్కరూ నోరు విప్పలేదు. అతను ఆ చీకట్లో చెవి పెట్టి విన్నాడు. కీచురాళ్లు తప్ప ఏమీ వినపడలేదు. తల్లి తిరిగి వచ్చేదాకా కదలకుండా, చప్పుడు చేయకుండా పడుకోవడమే దుప్పిపిల్లకు తెలుసని అప్పుడు అతనే నాకు చెప్పాడు.

అటవీ సిబ్బంది వచ్చారు, కాగితాలు రాసుకున్నారు, నేను రాయాల్సింది నేనూ రాసిచ్చాను. ఆ తర్వాత రిటైర్ అయ్యేదాకా ఆ చోటు దాటేటప్పుడు నా బస్సు ముప్పై దాటలేదు. పగలైనా సరే. ప్రయాణికులు విసుక్కునేవాళ్లు. విసుక్కోనిచ్చాను.

మీ చేతిలో ఉన్నది బస్సు కాదు, కారు. దుప్పి తగిలితే కారుకూ, కార్లో ఉన్న వాళ్లకూ ప్రమాదమే. కణితి (సాంబార్ జింక) లాంటి పెద్ద జంతువు అయితే బానెట్ మీదికి ఎగిరి అద్దంలోంచి లోపలికి వచ్చేస్తుంది. ముందు సీట్లో ఒళ్లో పిల్లను కూర్చోబెట్టుకున్న అక్కలు దయచేసి ఈ మాట రెండుసార్లు చదవండి. చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు.

కోతుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పొద్దున అక్కడ పోయిన టైమే సాయంత్రం మిమ్మల్ని తరుముతుంది. హనుమంతుడని, పుణ్యమని అరటిపండ్లు వేస్తారు. మీ మనసు మంచిదే. కానీ అడవిలో వాటికి తునికిపండు ఉంది, మేడిపండు ఉంది, చిగుళ్లు ఉన్నాయి. మనం వేయడం మొదలుపెట్టాక అవి రోడ్డు గట్టు మీదే కాపురం పెట్టాయి. ఒకసారి నా ముందు కారులోంచి ఎవరో చిప్స్ ప్యాకెట్ విసిరారు. అది రోడ్డు మధ్యలో పడింది. పొట్టకు పిల్లను కరుచుకున్న తల్లికోతి దానికోసం సరాసరి నా బస్సు ముందుకు వచ్చి కూర్చుంది. నేను మెల్లగా వస్తున్నాను కాబట్టి బస్సు ఆగింది. అది ప్యాకెట్ చింపి, లోపల ఉప్పుకారం నాకి, ఆ కవర్ పిల్ల నోటికి ఇచ్చింది. పిల్ల దాన్ని నములుతోంది. అమ్రాబాద్ వైపు ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు. మీరు వట్టి చేతులతో దాటిపోండి, అదే వాటికి మీరు పెట్టే తిండి అనుకోండి.

ఇప్పుడు ఎలా రావాలో చెప్తాను. పద్నాలుగేళ్లు ఆ దారిలో తిరిగి నేర్చుకున్నది ఇది.

అన్నిటికంటే మంచిది రాత్రి ఉండేలా రావడం. శ్రీశైలంలో సత్రాలు ఉన్నాయి, హోటళ్లు ఉన్నాయి. గేట్లు ఎత్తిన వారాంతంలో గదులు దొరకవు కాబట్టి ముందే మాట్లాడుకోండి. మన్ననూరులో కూడా అటవీశాఖ గదులు ఉన్నాయి, అక్కడ పడుకొని పొద్దున అడవి దాటొచ్చు. రాత్రి ఉంటే దర్శనం నిదానంగా అవుతుంది. శిఖరం, సాక్షి గణపతి, ఫాలధార పంచధార చూసే తీరిక ఉంటుంది. తెల్లవారాక మంచులో గేట్ల నీళ్లు చూడటం వేరు. ముందురోజు జామ్‌లో నిలబడి, హారన్ల మధ్య చూసింది మీకు గుర్తుకు కూడా రాదు. మర్నాడు ఉదయం ఆరుకే గేటు తీస్తారు కదా అని ఆరుకే దూకకండి. తెల్లవారుజామున కూడా అవి రోడ్డు మీదే ఉంటాయి. టిఫిన్ తిని, ఏడున్నరకు కదలండి. రోడ్డు ఖాళీగా ఉంటుంది.

రాత్రి ఉండటం కుదరదంటే నిజంగానే అయిదుకు బయలుదేరండి. ఇంట్లోనే ఇడ్లీ కట్టుకోండి. ఎనిమిదిన్నరకు మన్ననూరు దాటితే పదిన్నర, పదకొండుకు బ్రిడ్జి దగ్గర ఉంటారు. అప్పటికి ఇంకా జామ్ ముదరదు. ఎంత ఆలస్యమైనా మూడున్నరకు అక్కడి నుంచి కదలాలి. ఘాట్‌కు, చిన్న చిన్న ఆలస్యాలకు గంట పోయినా ఆరుకు కాస్త అటూ ఇటుగా మన్ననూరు దాటేస్తారు. దర్శనం, గేట్లు రెండూ ఒకే రోజు కుదరకపోతే ఒకటి వదులుకోండి. ఈసారి గేట్లు, ఇంకోసారి మల్లన్న. కార్తీకంలో వస్తామని మొక్కుకొని రండి, స్వామి ఎక్కడికీ పోడు.

ఇంకో దారి ఉంది. సెలవు దొరికితే మంగళవారమో బుధవారమో రండి. వరద బాగుంటే గేట్లు రోజుల తరబడి తెరిచే ఉంటాయి. మంచి వానలు పడ్డ ఏడాది మూసిన గేట్లు మళ్లీ మళ్లీ ఎత్తుతారు. మొదటి ఆదివారమే చూడకపోతే ఇక దొరకదన్నట్టు అందరూ ఒకేరోజు పరుగెత్తుకు వస్తారు, నాకు అదే అర్థం కాదు. జూరాల నుంచి లక్షల క్యూసెక్కులు వదులుతున్నారని వార్తల్లో వింటున్నన్ని రోజులు శ్రీశైలంలో నీళ్లకు కొదవ ఉండదు.

బస్సులో రండి అని కూడా చెప్తాను. బస్సు డ్రైవర్‌ను కాబట్టి చెప్తున్నాననుకున్నా సరే. నలభై అయిదు మంది ఒక బస్సులో వస్తే ఆ రోడ్డు మీద పదో పన్నెండో కార్లు తగ్గుతాయి. దుప్పికి సందు దొరుకుతుంది. మీరూ కిటికీలోంచి అడవి చూడొచ్చు, స్టీరింగ్ పట్టుకున్న వాడికి ఆ భాగ్యం లేదు.

వటవర్లపల్లి దగ్గర లోపలికి తిరిగి మల్లెలతీర్థం చూద్దామనుకునే వాళ్లు దాన్ని గేట్ల ప్రయాణంలో కలపకండి. మెట్లు మూడు వందలకు పైనే ఉన్నాయి. దిగి ఎక్కేసరికి పెద్దవాళ్లకు గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర సాయంత్రం చీకట్లోంచే తీసుకుంటారు. దానికి విడిగా ఒక రోజు పెట్టుకోండి, అంత విలువ ఉన్న చోటే అది.

ఒకవేళ అన్నీ తారుమారై చీకట్లోనే అడవిలో ఉన్నారనుకోండి. నలభై దాటకండి. ముందు బండికి అంటుకొని పోకండి. ఎదురుగా ఎవరైనా వస్తే లైటు డిమ్ చేయండి. రోడ్డు పక్కన రెండు చుక్కలు మెరిస్తే అవి కళ్లు, కాలు తీయండి. ఒకటి దాటితే ఆగండి. రెండోది వస్తుంది, మూడోదీ వస్తుంది. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. ఫొటో కోసం దిగకండి.

నాతోటి డ్రైవర్ అన్నలకు, టెంపో ట్రావెలర్లు, క్యాబులు నడిపే తమ్ముళ్లకు విడిగా ఒక మాట. బండి ఎక్కే వాళ్లకు టైము మీరే చెప్పాలి. పొద్దున ఎక్కగానే చెప్పండి, మూడున్నరకు తిరుగు ప్రయాణం అని. సాయంత్రం చెప్తే వినరు, పొద్దున చెప్తే వింటారు. కిరాయి పోతుందేమోనని భయపడకండి. నాకు తెలిసిన ఒక టెంపో తమ్ముడు ఇలా చెప్పడం మొదలుపెట్టాక కూడా అతని బండి ఏ ఆదివారమూ ఖాళీగా లేదు.

బండి మాట్లాడుకునే వాళ్లకు కూడా. మీరు ఏడున్నరకు ఎక్కారు, కానీ అతను అయిదింటికి లేచి బండి కడిగి మీ గల్లీకి వచ్చాడు. ముందురోజు రాత్రి ఇంకో ట్రిప్పు తిప్పి పన్నెండుకు పడుకున్నాడేమో కూడా. మీరు దర్శనం క్యూలో ఉన్నప్పుడు అతను పార్కింగ్‌లో ఎండలో సీటు వాల్చుకొని కునుకు తీయబోతే ఎవరో వచ్చి బండి జరపమంటారు. రాత్రి తొమ్మిదికి మీరంతా వెనక నిద్రపోతారు. అడవిలో మెలకువగా ఉండాల్సింది అతనొక్కడే. అప్పటికి అతను లేచి పదహారు గంటలు.

ఈ వారం బండి మాట్లాడుకునేటప్పుడు ఏసీ ఉందా, ఎంత తీసుకుంటావని అడిగే ముందు, నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు తమ్ముడూ అని అడగండి.

ఇట్లు
రిటైరైన బస్సు డ్రైవర్,
అచ్చంపేట